స్లీప్ స్కోర్ చేతికున్న వాచ్‌లో, నిద్ర స్విచ్ మెదడులో: అసలు నిద్ర ఎలా పడుతుంది?

ఇప్పుడు 2,000 రూపాయల స్మార్ట్‌వాచ్ కొన్నా బాక్స్ మీద స్లీప్ ట్రాకింగ్ అని రాసి ఉంటోంది. ఫోన్లలో అయితే ఐ కంఫర్ట్, నైట్ లైట్, బెడ్‌టైమ్ మోడ్ అని తలా ఒక పేరు. దాంతో అందరూ అడిగేవి రెండే ప్రశ్నలు. ఏ వాచ్‌లో స్లీప్ ట్రాకింగ్ కరెక్ట్‌గా ఉంటుంది? నైట్ మోడ్ ఆన్ చేస్తే నిజంగా నిద్ర పడుతుందా?

ఈ రెండిటికీ స్పెసిఫికేషన్ షీట్‌లో జవాబు దొరకదు. ముందు మెదడు నిద్రని ఎలా నడిపిస్తుందో తెలియాలి. సింపుల్‌గా చెప్పాలంటే అక్కడ మూడు భాగాలున్నాయి. పొద్దున్నుంచీ పెరుగుతూ పోయే ఒక మీటర్, 24 గంటల గడియారం ఒకటి, ఈ రెండూ చెప్పింది విని ఆన్, ఆఫ్ అయ్యే స్విచ్ ఒకటి. మన గాడ్జెట్ ఫీచర్లు వీటిలో దేన్ని తాకుతున్నాయో, దేన్ని అస్సలు తాకట్లేదో ఒక్కొక్కటిగా చూద్దాం.

మీటర్: అడినోసిన్

మన కణాలన్నీ ఏటీపీ అనే అణువుతో నడుస్తాయి. పూర్తి పేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్. శరీరానికి అదే కరెన్సీ. ఆ ఏటీపీ ఖర్చయ్యాక మిగిలే వాటిలో అడినోసిన్ ఒకటి. మెలకువగా ఉన్నంతసేపూ మెదడు పని చేస్తూనే ఉంటుంది కాబట్టి, ముఖ్యంగా మెదడు ముందు భాగం అడుగున, ఈ అడినోసిన్ పోగవుతూ వస్తుంది. అది న్యూరాన్ల మీదున్న రిసెప్టర్లకి తగులుకుని, మెలకువగా ఉంచే న్యూరాన్లని నెమ్మదింపజేస్తుంది. రాత్రి కళ్లు బరువెక్కడానికి ఇదొక పెద్ద కారణం.

ఫోన్ బ్యాటరీకి ఇది రివర్స్ అన్నమాట. బ్యాటరీ వాడేకొద్దీ తగ్గుతుంది, ఈ మీటర్ వాడేకొద్దీ పెరుగుతుంది. నిద్రపోయాక అడినోసిన్ తగ్గుతూ వచ్చి, పొద్దునకి మీటర్ కిందకి దిగుతుంది. మీ వాచ్ గ్రాఫ్‌లో డీప్ స్లీప్ ఎక్కువగా రాత్రి మొదటి సగంలోనే కనిపిస్తుంది కదా, అప్పటికి మీటర్ ఫుల్‌గా ఉండటమే దానికి కారణం. మధ్యాహ్నం మూడు గంటలు పడుకుంటే రాత్రి నిద్ర రాకపోవడం కూడా ఇందుకే. మీటర్‌ని సాయంత్రానికి ముందే సగం ఖాళీ చేసేశాం మరి.

కాఫీ ఈ మీటర్‌ని తగ్గించదు

కెఫిన్ అణువు ఆకారం అడినోసిన్‌కి దగ్గరగా ఉంటుంది. అందుకే అది వెళ్లి అడినోసిన్ కూర్చోవాల్సిన రిసెప్టర్లో కూర్చుంటుంది, కానీ ఆ రిసెప్టర్‌ని పని చేయించదు. బస్సులో సీటు మీద కర్చీఫ్ వేసినట్టు. అడినోసిన్ ఎక్కడికీ పోలేదు, బయట నిలబడే ఉంది, ఇంకా పెరుగుతోంది కూడా. కెఫిన్ దిగిపోగానే అదంతా ఒక్కసారిగా వచ్చి కూర్చుంటుంది. కాఫీ పవర్ అయిపోయాక వచ్చే ఆ నీరసం అదే.

కెఫిన్ దిగడానికి ఎంతసేపు పడుతుంది? చాలామందిలో దాని హాఫ్ లైఫ్ దాదాపు 5 గంటలు. మనిషిని బట్టి కొంత అటూ ఇటూ ఉంటుంది. అంటే సాయంత్రం 6 గంటలకి తాగిన టీ, కాఫీల్లో 100 మిల్లీగ్రాముల కెఫిన్ ఉందనుకుంటే, రాత్రి 11కి ఇంకా 50, తెల్లవారుజామున 4కి ఇంకా 25 ఒంట్లో ఉన్నట్టే. 2013లో అమెరికాలో జరిగిన ఒక స్టడీలో పడుకోవడానికి 6 గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫిన్ ఇచ్చి చూశారు. నిద్ర గంటకి పైగా తగ్గింది. అది పెద్ద డోసే, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి రోజు మొత్తానికి ఎఫ్‌డీఏ చెప్పే పరిమితి అంత. అయినా 6 గంటల గ్యాప్ సరిపోలేదన్నది గమనించాలి. "నేను కాఫీ తాగినా హాయిగా నిద్రపోతాను" అనేవాళ్లకి నిద్ర పట్టొచ్చు, కానీ ఆ నిద్రలో లోతు తగ్గే అవకాశం ఉంది.

గడియారం: రోజూ సింక్ కావాల్సిందే

మీటర్ ఒక్కటే ఉంటే లెక్క సరళంగా ఉండేది. ఎంతసేపు మెలకువగా ఉంటే అంత నిద్ర వచ్చేది. కానీ నైటౌట్ చేసినవాళ్లందరికీ తెలిసిన విషయం ఒకటుంది. తెల్లవారుజామున 4 గంటలకి తల నిలబడదు, అదే పొద్దున 10 గంటలకి కాస్త తేరుకున్నట్టు ఉంటుంది. మధ్యలో నిద్రపోలేదు, అడినోసిన్ ఇంకా పెరిగింది. మరి ఎందుకు తేరుకున్నాం? గడియారం వల్ల.

రెండు కళ్ల నుంచి వచ్చే నరాలు మెదడులో ఒకచోట కలుసుకుని దాటుకుంటాయి. సరిగ్గా దాని మీద సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్ అనే చిన్న గుంపు ఉంది. దాదాపు 20,000 న్యూరాన్లు అంతే. ఎస్‌సీఎన్ అని పిలుద్దాం. పగలు ఇది మెలకువ సిగ్నల్ పెంచుతూ, పెరుగుతున్న అడినోసిన్‌కి ఎదురు నిలబడుతుంది. సాయంత్రం పూట అంత అలసిపోయినా వెంటనే నిద్ర రాకపోవడం దీని పనే. రాత్రి అయ్యాక ఈ సిగ్నల్ పడిపోతుంది, అప్పుడు మీటర్ బరువు మొత్తం ఒక్కసారిగా తెలుస్తుంది. మీటర్, గడియారం కలిసి నిద్రని నడిపిస్తాయన్న ఈ మోడల్‌ని 1982లో జూరిచ్‌కి చెందిన అలెగ్జాండర్ బోర్బెలీ ప్రతిపాదించారు. ఇప్పటికీ నిద్ర గురించి చదివేవాళ్లు మొదలుపెట్టేది దీంతోనే. ఈ గడియారం కణాల లోపల జీన్ల స్థాయిలో ఎలా తిరుగుతుందో కనిపెట్టిన ముగ్గురికి 2017లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది.

ఎస్‌సీఎన్‌కి ఒక చిన్న లోపం ఉంది. దాని రోజు కచ్చితంగా 24 గంటలు కాదు, సగటున పది నిమిషాలు ఎక్కువ. అలా వదిలేస్తే రోజూ కొంచెం కొంచెం వెనక్కి జరుగుతూ పోతుంది. సర్వర్లలో టైమ్ డ్రిఫ్ట్ అయితే నెట్‌వర్క్ టైమ్‌తో సింక్ చేస్తాం కదా, ఇక్కడ ఆ నెట్‌వర్క్ టైమ్ సూర్యుడు. కంటి రెటీనాలో చూపుకి కాకుండా వెలుతురు కొలవడానికే అన్నట్టు కొన్ని కణాలున్నాయి. వాటిలో మెలనాప్సిన్ అనే పదార్థం ఉంటుంది. ఇది 480 నానోమీటర్ల దగ్గర, అంటే నీలం వైపు వెలుతురుకి బాగా స్పందిస్తుంది. ఆ సమాచారం నేరుగా ఎస్‌సీఎన్‌కి వెళ్తుంది.

చీకటి పడ్డాక ఎస్‌సీఎన్ అనుమతితో పీనియల్ గ్రంథి మెలటోనిన్ విడుదల చేస్తుంది. దీన్ని చాలామంది నిద్రమాత్ర లాంటిది అనుకుంటారు. కాదు. అది ఒక నోటిఫికేషన్. "రాత్రి అయ్యింది" అని ఒళ్లంతా చాటింపు వేయడమే దాని పని. మామూలుగా పడుకునే టైమ్‌కి ఓ రెండు గంటల ముందే పెరగడం మొదలవుతుంది. కంటికి గట్టిగా వెలుతురు తగిలితే ఆ చాటింపు ఆగిపోతుంది. ఫోన్ స్క్రీన్ మీద అందరికీ అనుమానం వచ్చింది ఇక్కడే.

బ్లూ లైట్ ఫిల్టర్ పని చేస్తుందా?

2014 చివర్లో హార్వర్డ్ పరిశోధకులు ఒక స్టడీ ప్రచురించారు. 12 మందితో ఐదేసి రాత్రులు, పడుకునే ముందు 4 గంటల పాటు ఐప్యాడ్‌లో చదివించారు, మరో ఐదు రాత్రులు మామూలు పుస్తకం చదివించారు. ఐప్యాడ్ చదివినప్పుడు మెలటోనిన్ సగానికి పైగా తగ్గింది, గడియారం గంటన్నర వెనక్కి జరిగింది. ఫోన్ కంపెనీలు, యాప్‌లు నైట్ మోడ్ గురించి చెప్పేటప్పుడు ఇలాంటి ఫలితాలే గుర్తు చేస్తాయి.

కానీ టెస్ట్ కండిషన్స్ చూడండి. మసక గది, ఫుల్ బ్రైట్‌నెస్, పెద్ద స్క్రీన్, 4 గంటలు. అన్నీ అలా ఉన్నా నిద్ర పట్టడానికి అదనంగా పట్టిన సమయం సుమారు 10 నిమిషాలే. బ్యాటరీ టెస్ట్ ఎప్పుడూ ఫుల్ బ్రైట్‌నెస్‌లోనే చేసి ఈ ఫోన్ దండగ అన్నట్టు ఉంటుంది, మన రోజువారీ వాడకానికి దీన్ని అలాగే వర్తింపజేస్తే.

ఇక ఫిల్టర్ సంగతి. అమెరికాలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ 2021లో 18 నుంచి 24 ఏళ్ల మధ్య ఉన్న 167 మందిని మూడు గ్రూపులు చేసింది. ఒకరు రాత్రి ఐఫోన్ నైట్ షిఫ్ట్ ఆన్ చేసి వాడారు, ఒకరు ఆన్ చేయకుండా వాడారు, ఒకరు పడుకునే ముందు అసలు ఫోనే వాడలేదు. మొత్తం మీద మూడు గ్రూపుల నిద్రలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. స్వీడన్‌లోని ఉప్సలా యూనివర్సిటీ 2016 స్టడీ ఇంకో విషయం చెప్పింది. పగలు ఆరున్నర గంటలు మంచి వెలుతురులో ఉన్నవాళ్లు రాత్రి రెండు గంటలు టాబ్లెట్ చదివినా మెలటోనిన్ తగ్గలేదు.

లెక్క అర్థమైంది కదా. ఎండలో వెలుతురు లక్ష లక్స్ దాకా ఉంటుంది. మబ్బు పట్టిన రోజు కూడా వేలల్లోనే. ఆఫీస్‌లో ట్యూబ్‌లైట్ల కింద మూడు నుంచి ఐదు వందలు. ముఖానికి ఎదురుగా పట్టుకున్న ఫోన్ నుంచి కంటికి చేరేది పదుల్లో మాత్రమే. పగలంతా బ్లైండ్స్ వేసిన ఏసీ రూమ్‌లో కూర్చుని, రాత్రి స్క్రీన్‌ని పసుపు చేస్తే గడియారం సింక్ కాదు. నైట్ లైట్ ఆన్ చేయడం వల్ల నష్టం లేదు, కంటికి హాయిగా ఉంటుంది. నిద్ర తెచ్చే ఫీచర్‌గా మాత్రం దాన్ని లెక్కేసుకోవద్దు.

స్విచ్: మెదడులో ఫ్లిప్ ఫ్లాప్

మరి రాత్రి ఒంటిగంట దాకా రీల్స్ చూస్తే నిద్ర ఎందుకు పోతుంది? దీనికి జవాబు మూడో భాగంలో ఉంది.

బీటెక్‌లో డిజిటల్ ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లకి ఎస్ఆర్ లాచ్ గుర్తుండే ఉంటుంది. రెండు గేట్లు ఒకదాన్నొకటి ఆపుతూ ఉంటాయి. ఒకటి ఆన్ అయితే రెండోది ఆఫ్, మధ్యలో నిలబడదు. మెదడులోనూ సరిగ్గా ఇలాంటి సర్క్యూటే ఉందని హార్వర్డ్‌కి చెందిన క్లిఫర్డ్ సేపర్ బృందం 2001లో వివరించింది. పేరు కూడా ఫ్లిప్ ఫ్లాప్ స్విచ్ అనే పెట్టారు.

ఒక వైపు మెలకువ గ్యాంగ్. హిస్టమిన్, నార్అడ్రినలిన్, సెరటోనిన్, ఎసిటైల్‌కొలిన్ విడుదల చేసే న్యూరాన్లు. జలుబు, ఎలర్జీకి అవిల్ లాంటి పాతకాలం మాత్ర వేసుకుంటే మత్తుగా ఉండేది ఇందుకే. అది మెదడులోకి కూడా వెళ్లి హిస్టమిన్‌ని అడ్డుకుంటుంది. రెండో వైపు హైపోథాలమస్ ముందు భాగంలో ఉండే నిద్ర న్యూరాన్లు. ఇవి గాబా అనే రసాయనంతో మెలకువ గ్యాంగ్‌ని మొత్తం సైలెంట్ చేస్తాయి. మెలకువ గ్యాంగ్ కూడా తిరిగి వీటిని తొక్కిపెడుతుంది. అందుకే మనం సగం నిద్రలో గంటల తరబడి ఉండిపోం. స్విచ్ పడితే పడినట్టే.

ఈ స్విచ్ చీటికిమాటికి పడకుండా పట్టి ఉంచేది ఒరెక్సిన్. 1998లో రెండు బృందాలు విడివిడిగా దీన్ని కనిపెట్టాయి. ఇంకో బృందం దీనికి పెట్టిన పేరు హైపోక్రెటిన్. ఇది మెలకువ వైపు వేలు పెట్టి నొక్కి ఉంచినట్టు పని చేస్తుంది. నార్కోలెప్సీ జబ్బు ఉన్నవాళ్లలో చాలామందికి ఈ ఒరెక్సిన్ న్యూరాన్లు ఎక్కువ భాగం చచ్చిపోయి ఉంటాయి. అందుకే వాళ్లు మాట్లాడుతూ, తింటూ కూడా హఠాత్తుగా నిద్రలోకి జారిపోతారు. వాళ్లది బద్ధకం కాదు, స్విచ్‌కి స్టెబిలైజర్ లేదు. దీన్ని తిప్పి ఆలోచించి, ఒరెక్సిన్‌ని అడ్డుకునే నిద్రమందు కూడా తయారు చేశారు. సువోరెక్సంట్ అనే ఆ మందుకి 2014లో అమెరికాలో అనుమతి వచ్చింది.

ఇప్పుడు రీల్స్ దగ్గరికి వద్దాం. ఒరెక్సిన్ న్యూరాన్లకి మెదడులో భావోద్వేగాల, ఆశల, ఆకలి భాగాల నుంచి కనెక్షన్లు ఉన్నాయి. ఆకలేసినప్పుడు, భయమేసినప్పుడు మనిషి నిద్రపోకూడదు కదా, అడవిలో బతికిన రోజుల నుంచీ ఉన్న ఏర్పాటు అది. లాస్ట్ ఓవర్‌లో 14 పరుగులు కావాలన్నా, రాత్రి 11 గంటలకి మేనేజర్ మెసేజ్ పెట్టినా, తర్వాతి రీల్‌లో ఏముందో అన్న ఆత్రం ఉన్నా స్విచ్ మెలకువ వైపే ఉంటుంది. స్క్రీన్ నీలంగా ఉందా పసుపుగా ఉందా అన్నది దానికి అనవసరం. ఇంట్లో పెద్దవాళ్లకి పాత సీరియల్ ముందు కూర్చోగానే కునుకు పడుతుంది, అదీ స్క్రీనే మరి.

వాచ్‌కి ఇందులో కనిపించేది ఎంత?

స్లీప్ ల్యాబ్‌లో తలకి ఈఈజీ వైర్లు పెట్టి మెదడు తరంగాలు చూస్తారు, కనుగుడ్ల కదలిక, గడ్డం కండరాల బిగువు కూడా రికార్డ్ చేస్తారు. నిద్ర దశల్ని నిర్ణయించేది వాటితోనే. మన మణికట్టు మీద ఉన్నవి రెండు సెన్సార్లు. కదలిక చూసే యాక్సిలరోమీటర్, ఆకుపచ్చ లైట్‌తో నాడి చూసే సెన్సార్. ఈ రెండిటి డేటా నుంచి "ఇలా ఉంటే బహుశా డీప్ స్లీప్" అని అల్గోరిథం అంచనా వేస్తుంది.

అడినోసిన్, మెలటోనిన్, ఒరెక్సిన్ ఏదీ వాచ్‌కి తెలియదు. ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు అన్నది బాగానే పట్టుకుంటుంది. కదలకుండా పడుకుని ఫ్యాన్ వైపు చూస్తూ ఉంటే మాత్రం దాన్ని కూడా నిద్రే అనుకునే అవకాశం ఎక్కువ. డీప్ స్లీప్ 52 నిమిషాలు, రెమ్ 71 నిమిషాలు అన్న అంకెల్ని నిమిషాల లెక్కన నమ్మకండి. స్కోర్ తగ్గిందని బెంగపడి, ఆ బెంగతోనే నిద్ర పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు. దీనికి 2017లో పరిశోధకులు ఆర్థోసోమ్నియా అని పేరు కూడా పెట్టారు. బెంగ కూడా మెలకువ వైపు నొక్కేదే.

నైట్ షిఫ్ట్ వాళ్లు ఇది తప్పక చదవండి

అమెరికా తూర్పు తీరం ఆఫీస్ టైమ్ ఉదయం 9 నుంచి సాయంత్రం 5 అంటే, మనకి ఎండాకాలంలో సాయంత్రం ఆరున్నర నుంచి రాత్రి రెండున్నర. చలికాలంలో ఇంకో గంట లేటు. హైదరాబాద్‌లో, వైజాగ్‌లో ఈ టైమింగ్స్‌లో పని చేసేవాళ్లు ఎంతోమంది. తెల్లవారుజామున బండి స్టార్ట్ చేసే టైమ్‌కి వాళ్ల మెదడులో ఏం జరుగుతోందో ఇప్పుడు చెప్పొచ్చు. మీటర్ ఫుల్. గడియారం సిగ్నల్ రోజు మొత్తంలోకీ అడుగున. రెండూ కలిసి స్విచ్‌ని నిద్ర వైపు తోస్తున్నాయి, పట్టుకుని ఉన్నది ఒక్క ఒరెక్సిన్.

అప్పుడప్పుడు ఆ పట్టు రెండు మూడు సెకన్లు జారుతుంది. దీన్నే మైక్రోస్లీప్ అంటారు. కళ్లు తెరిచి ఉన్నా జరగొచ్చు, జరిగినట్టు మనకి తెలియకపోవచ్చు. గంటకి 60 కిలోమీటర్ల స్పీడ్‌లో 3 సెకన్లంటే బండి 50 మీటర్లు ఎవరూ నడపకుండా వెళ్లిపోయినట్టు. ఆస్ట్రేలియాలో 1997లో చేసిన స్టడీ ప్రకారం 17 గంటలు ఏకధాటిగా మెలకువగా ఉంటే మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నప్పటి స్థాయికి పడిపోతుంది. మన దేశంలో డ్రైవింగ్‌కి చట్టం ఒప్పుకునేది 0.03 శాతం. నిద్రకి బ్రెత్ ఎనలైజర్ లేదు, అంతే తేడా.

వీళ్లకి పనికొచ్చేవి నాలుగు. ఒకటి, కెఫిన్ షిఫ్ట్ మొదటి సగంలోనే ఆపేయాలి. రెండు, బయల్దేరే ముందు కళ్లు మూతలు పడుతుంటే 20 నిమిషాలు కునుకు తీయాలి, లేదా క్యాబ్‌లో వెళ్లాలి. క్యాబ్ ఎక్కితే డ్రైవర్ ఎన్ని గంటల నుంచి బండి మీద ఉన్నాడో ఒక మాట అడగాలి. అతనిదీ ఇదే మెదడు. మూడు, ఇంటికి వచ్చేసరికి తెల్లారితే కూలింగ్ గ్లాసెస్ పెట్టుకుని, గదిని బాగా చీకటి చేసుకుని పడుకోవాలి. పొద్దుటి ఎండ గడియారానికి "పగలు మొదలైంది" అని చెప్పేస్తుంది. నాలుగు, సెలవు రోజున పూర్తిగా పగటి టైమ్‌కి మారిపోకుండా కాస్త లేటుగానే పడుకోవాలి. వారానికి రెండుసార్లు గడియారాన్ని తిప్పితే అది ఎటూ సెట్ కాదు.

ఫైనల్‌గా ఏం చేయాలి?

స్లీప్ స్టేజెస్ కోసమని వాచ్‌కి ఎక్కువ డబ్బులు పెట్టడం అవసరం లేదు. స్టెప్స్, జీపీఎస్, బ్యాటరీ చూసి కొనండి, స్లీప్ ట్రాకింగ్‌ని పడుకున్న, లేచిన టైమ్ రాసిపెట్టే డైరీలా వాడండి. నిద్రకి నిజంగా పనికొచ్చే ఫీచర్లు మీ ఫోన్‌లో ఇప్పటికే ఉన్నాయి, ఫ్రీగా. రోజూ ఒకే టైమ్‌కి లేపే అలారం గడియారానికి. మధ్యాహ్నం రెండు గంటలకి "ఇక కాఫీ వద్దు" అనే రిమైండర్ మీటర్‌కి. రాత్రి పది నుంచి ఆటోమేటిక్‌గా పడే డు నాట్ డిస్టర్బ్, రీల్స్ యాప్‌కి టైమ్ లిమిట్ స్విచ్‌కి. వీటన్నిటికంటే ముందు, లేచిన గంటలోపు ఓ 20 నిమిషాలు బయట వెలుతురులో ఉండటం.

ఇవన్నీ చేసినా వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, గట్టిగా గురక పెడుతూ ఊపిరి ఆగినట్టు అవుతోందని పక్కన పడుకునేవాళ్లు చెప్పినా, పగలు కూర్చున్నచోటే నిద్ర ముంచుకొస్తున్నా అది యాప్‌తో తేలే సమస్య కాదు. మెలటోనిన్ మాత్రలు కూడా ఆన్‌లైన్‌లో ఎవరో చెప్పారని మొదలుపెట్టొద్దు. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు వాచ్‌లో ఉన్న నెల రోజుల పడుకున్న, లేచిన టైమ్‌లు తీసుకెళ్లండి. వాచ్ చేయగలిగిన అసలైన సాయం అదే.